తోడల్లుడి నోట కొట్టు మాట

బొత్తాలాయన అంత మెత్తని మనిషి బజారు మొత్తానికి ఇంకొకరు లేరని అందరూ ఒప్పుకుంటారు. తోడల్లుడి ప్రస్తావన రానంతవరకే సుమా. వచ్చిందంటే పాలకుండలో ఉప్పుకల్లు పడ్డట్టే; ఆ మంచితనమంతా ఇట్టే విరిగిపోతుంది.

ఆయన కొట్టు బజారు వీధి మలుపులో ఉంది. చాలా ఇరుకు. ముగ్గురు లోపలికి వస్తే నాలుగోవాళ్ళు గుమ్మంలో నిలబడి మాట్లాడాల్సిందే. గోడల నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఏ సొరుగులో ఏ బొత్తాలున్నాయో అందులోదే ఒకటి తీసి సొరుగు ముందు బిగించాడు. చదువు రానివాళ్ళు కూడా వేలు పెట్టి చూపించి అడగవచ్చు. దారపు ఉండలు, సూదులు, కొక్కేలు, జిప్పులు, లేసులు, నాడాలు, అన్నీ దొరుకుతాయి.

ఆయన తండ్రికి కొట్టు లేదు. ఇవే సరుకులు ఒక పెట్టెలో సర్ది మెడకు తగిలించుకుని ఊరూరా తిరిగేవాడు. ఎండకూ వానకూ ఎవరి అరుగు దొరికితే ఆ అరుగు ఎక్కేవాడు. "నీడనిచ్చినవాళ్ళ పేరు ఎప్పుడూ అడగలేదురా. దేవుడే ఇచ్చాడనుకున్నాను. నీకంటూ ఒక కొట్టు వస్తే సరుకు తరవాత కొను, ముందు బయట ఒక బల్ల వెయ్యి" అని చెప్పి కన్నుమూశాడు. కొడుకు ఆ మాట జవదాటలేదు. కొట్టు ముందు బల్ల వేశాడు. బల్ల పక్కన మంచినీళ్ళ కూజా, దాని మీద మూత, మూత మీద గ్లాసు. ఎదురుగా బస్టాపు ఉండడంతో ఆ బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. బస్సు కోసం కూర్చున్నవాళ్ళు లేచేటప్పుడు ఏ దారపు ఉండో, ఏ నాడానో కొనుక్కుని వెళ్ళేవారు. కొనకుండా వెళ్ళినవాళ్ళు "చల్లగా ఉండు నాయనా" అని వెళ్ళేవారు. ఆయన రెండిటినీ ఒకే సొరుగులో వేసుకునేవాడు.

ఇంత చక్కటి మనిషికి తోడల్లుడంటే ఎందుకు కడుపుమంట?

భార్య చెల్లెలి మొగుడు అతను. వీధి రెండో చివర పెట్టెలూ సంచులూ అమ్మే పెద్ద కొట్టు. అద్దాల తలుపులు. నవ్వితే నలుగురూ తిరిగి చూసేంత నవ్వు. వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది అత్తగారింట్లో పంకా. అల్లుళ్ళిద్దరూ భోజనానికి కూర్చుంటే అత్తగారు బల్ల మీది పంకాని చిన్నల్లుడి వైపు తిప్పి పెడుతుంది. "పాపం, ఆయనది భారీ శరీరం, చెమట పడుతుంది" అంటుంది. పెద్దల్లుడికి అన్నంలో కూడా ఆ గాలి శబ్దమే వినిపించేది. సన్నగా ఉండడం కూడా ఒక నేరమేనా అని ఇంటికొచ్చి భార్యని నిలదీసేవాడు.

"రేపణ్ణించి మీరూ లావవ్వండి, ఎవరొద్దన్నారు?" అనేదావిడ.

బజారు కొట్లవాళ్ళందరికీ కలిపి ఒక వర్తక సంఘం ఉంది. గిన్నెల కొట్టు పైన మేడగదిలో సమావేశమవుతారు. అందరూ వేళకి రావాలని అక్కడి గోడ గడియారాన్ని కావాలనే కాస్త ముందుకు తిప్పి ఉంచారు. ఆ సంగతి అందరికీ తెలుసు కనుక అందరూ ఆ మేరకు ఆలస్యంగానే వస్తారు. గిన్నెల కొట్టావిడే అధ్యక్షురాలు. ఊరందరికీ అక్కగారు. "ఊరికే ఏడిస్తే ఆఫీసులో ఎవరూ వినరు. ఏడుపుతో పాటు ఒక ఉపాయం కూడా పట్టుకెళ్ళాలి" అనేది ఆవిడ పద్ధతి.

ఆ సంఘంలో ఒక పాత కట్టుబాటు ఉంది. తొలి రోజుల్లో మునిసిపల్ ఆఫీసుకు వెళితే ఎవరి కొట్టు గోడు వాళ్ళే చెప్పుకునేవారట. ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. ఒక అధికారి చెవులు మూసుకుని, "ఇది మనవి చేసుకోవడమా, కాకుల గోలా?" అన్నాడట. అప్పటి పెద్దలు సిగ్గుపడి ఒక నిర్ణయానికి వచ్చారు. ఎవరి కొట్టు మాట వాళ్ళు ఎత్తకూడదు. కష్టం వచ్చిన కొట్టులో వేరే సభ్యుడు వెళ్ళి, పొద్దున తలుపు తీసింది మొదలు మధ్యాహ్నం భోజనానికి మూసేదాకా కూర్చోవాలి. తరవాత ఆఫీసుకు వెళ్ళి, చూసింది చూసినట్టు చెప్పాలి. చూడనిది కలపకూడదు, అడిగినదానికి దాచకూడదు. దీన్ని వాళ్ళు "కూర్చోవడం" అంటారు. ఈ ఒక్క కట్టుబాటు వల్లే ఆ సంఘం మాటంటే ఆఫీసులో గురి కుదిరింది.

ఏళ్ళ తరబడి అలా కూర్చున్నది మన బొత్తాలాయనే. మురికి కాలువ పొంగి చాపల కొట్టు మునిగినప్పుడు మోకాళ్ళదాకా బట్టలు మడుచుకుని ఆ నీళ్ళలోనే కూర్చున్నాడు. ఆయన చెప్పాక కాలువ బాగుపడింది. పూలకొట్టు దగ్గర దీపం వెలిగిందన్నా ఆయన చలవే. "సంఘానికి నోరు ఆయనే" అనేవారు. ఆ మాట అత్తగారి చెవిన పడాలని ఆయన చాలా ఆశపడేవాడు.

అలాంటి ఆయన కొట్టు మీదకే కష్టం వచ్చింది. మలుపులో బస్సులూ లారీలూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని మునిసిపల్ ఆఫీసువాళ్ళు బస్టాపును వంతెన అవతలికి మార్చారు. కొన్నాళ్ళు చూస్తాం, బాగుంటే అక్కడే ఉంచేస్తాం అన్నారు. బస్సు పోయింది, బల్ల బోసిపోయింది. కూజాలో నీళ్ళు పొద్దున ఎంత పోస్తే సాయంత్రం అంతే ఉండేవి. బస్టాపు వెనక్కి రాకపోతే కొట్టు మూసి, మళ్ళీ తండ్రిలా మెడకు పెట్టె తగిలించుకోవాలేమోనన్న భయం ఆయన్ని పట్టుకుంది.

సంఘం సమావేశమైంది.

"లారీలు పొద్దున్నే, కొట్లు తెరవకముందే సరుకు దించేసి పోయేట్టు లారీలవాళ్ళని ఒప్పించాను. ఉపాయం సిద్ధం" అంది అక్కగారు. "ఇక కూర్చునేవాళ్ళు కావాలి. కొట్టు బొత్తాలాయనది కాబట్టి ఈసారి ఆయన నోరు మనకి పనికిరాదు."

"నాకు ఆఫీసు మెట్లెక్కితేనే మాట తడబడుతుంది" అన్నాడు చెప్పుల కొట్టతను.

"అయితే పెట్టెలాయన కూర్చుంటాడు. మంచి మాటకారి."

బొత్తాలాయన చటుక్కున లేచాడు. "అక్కగారూ, అతను నాకు తోడల్లుడు. చుట్టరికం ఉన్నవాళ్ళు కూర్చోవచ్చా?"

"వరసలు తియ్యడం మొదలుపెడితే ఈ గదిలో కూర్చోడానికి ఒక్కడు మిగలడయ్యా!"

అందరూ నవ్వారు. పెట్టెలాయన నవ్వు అన్నిటికంటే పైన వినిపించింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి బొత్తాలాయన దేవుడి ముందు చేతులు జోడించాడు. "స్వామీ, బస్టాపు వెనక్కి రావాలి. కానీ ఆ ఘనత వాడికి దక్కకూడదు" అని మొక్కుకున్నాడు. ఇలాంటి మొరలు దేవుడికి కొత్త కాదు. ఆయన ఎప్పటిలాగే చిరునవ్వుతో విని ఊరుకున్నాడు.

మొక్కుకున్నాక కూడా బొత్తాలాయనకి మనసు కుదుట పడలేదు. రేపు వాడొచ్చి తన ఖాళీ కొట్టు చూస్తాడు. ఈగలు తోలుకోవడం చూస్తాడు. ఇంటికెళ్ళి భార్యకి చెబుతాడు, ఆవిడ వాళ్ళమ్మకి చెబుతుంది. "పాపం, పెద్దల్లుడు" అని అత్తగారు నిట్టూర్చి, జాలిపడి పంకా ఇటు తిప్పుతుంది! ఆ జాలి గాలి తను భరించగలడా? ప్రాణం పోయినా భరించలేడు. కొట్టు నిండుగా కనబడాలి, అంతే.

చుట్టాల్ని పిలుద్దామంటే చిక్కొచ్చి పడింది. ఈయన బావమరిది ఆయనకీ బావమరిదే. ఈయన మామగారు ఆయనకీ మామగారే. తోడల్లుడి మీద పోరు పెట్టుకున్నవాడికి సొంత సైన్యమంటూ ఉండదు. చివరికి మలుపు అవతల ఉండే దర్జీనీ, దర్జీ భార్యనీ, ఇస్త్రీ చేసే అతన్నీ బతిమాలుకున్నాడు.

"కొట్టులోకి రావాలి, కొనాలి, వెళ్ళాలి. సందులోంచి చుట్టు తిరిగొచ్చి కొట్టు వెనక గదిలో ఆ సరుకు పెట్టెయ్యాలి. మళ్ళీ రావాలి."

"నాకు బొత్తాలెందుకన్నా? నేను కుట్టను, ఇస్త్రీ చేస్తాను" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఇస్త్రీలో ఊడిపోయాయని చెప్పు."

"అలా చెబితే ముందు నా వ్యాపారం ఊడిపోతుంది!"

మర్నాడు పొద్దున్నే పెట్టెలాయన వచ్చి, బయట బల్ల మీద కాసేపు కూర్చుని, తరవాత లోపల మూలనున్న స్టూలు మీద సర్దుకున్నాడు.

"అన్నయ్యా, నేనున్నానని అనుకోకండి. మీ పని మీరు చూసుకోండి."

"ఎలా అనుకోకుండా ఉంటాను తమ్ముడూ? కొట్టులో సగం నువ్వే ఉన్నావుగా!"

పెట్టెలాయన పకపకా నవ్వాడు. ఎంత గుచ్చినా నవ్వే మనిషిని ఏం చేస్తాం?

దర్జీ వచ్చాడు. నీలం బొత్తాల అట్ట కొన్నాడు. దర్జీ భార్య వచ్చింది, లేసు కొంది. ఇస్త్రీ అతను వచ్చి ఏం కొనాలో మరిచిపోయి, "అదే, మొన్నటిది" అన్నాడు. దర్జీ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే నీలం బొత్తాల అట్ట. "గిరాకీ బాగా ఉన్నట్టుందే అన్నయ్యా!" అన్నాడు పెట్టెలాయన. "ఏదో, దేవుడి దయ" అని బొత్తాలాయన కళ్ళు దించుకున్నాడు. ఆ దించుకోవడంలో ఎంత గర్వముందో!

అంతలో ఒక ముసలావిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖమంతా చెమట.

"నాయనా, బస్సువాడు వంతెన అవతలే దింపేశాడు."

"అంత దూరం నడిచొచ్చావా అమ్మా? రా, కూర్చో." బొత్తాలాయన కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు.

ఆవిడ తాగి, కొంగుముడి విప్పి కొన్ని సూదులు తీసింది. "కొనడానికి రాలేదు నాయనా. ఇవి ఇంటివే. వీటిలో దారం ఎక్కించి పెట్టు. మా ఇంట్లో కళ్ళున్నవాళ్ళకి తీరిక లేదు, తీరికున్న నాకు కళ్ళు లేవు."

ఇది ఆయనకి అలవాటైన పనే. ఒక దారపు ఉండ తీసి సూదులన్నిటినీ వరసగా ఆ ఒక్క దారానికే గుచ్చుతాడు. ఇంటికెళ్ళాక ఆవిడ ఒక్కో సూదిని ముందుకు లాక్కుని, కావలసినంత దారం తెంపుకుని కుట్టుకోవచ్చు. అన్నీ అయిపోయాక మళ్ళీ వస్తుంది.

దర్జీ వెనక నుంచి, "నా నీలం బొత్తాలు..." అన్నాడు.

"ఆగవయ్యా, కనబడట్లేదా?" అని కసిరాడు బొత్తాలాయన. తను పిలిపించుకున్న గిరాకీ అనే సంగతే ఆ నిమిషంలో ఆయనకి గుర్తు లేదు.

సూదులు చేతికిచ్చాక ఆవిడ లేవబోయి మోకాలు పట్టుకుంది. ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. "తమ్ముడూ, కాస్త కొట్టు చూస్తుండు" అని ఆవిడని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, మెల్లగా తొక్కుకుంటూ వంతెన అవతల బస్సెక్కించి వచ్చాడు. వచ్చేసరికి భోజనాల వేళైంది. పెట్టెలాయన మామూలుగానే లేచి, "వస్తానన్నయ్యా" అని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి బొత్తాలాయన మీసం దువ్వుకుంటూ పొద్దుటి కథంతా భార్యకి చెప్పాడు. ఆవిడ వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఆయన వచ్చింది ఎందుకండీ?"

"కూర్చోడానికి."

"ఏం చూడ్డానికి? బస్సు పోయి కొట్టు ఖాళీ అయిందని చూడ్డానికి! మీరేమో నిండు కొట్టు చూపించి పంపించారు. రేపు బస్టాపు సంగతి తేల్చే మునిసిపల్ కమిటీలో ఆయన చూసింది చూసినట్టు చెబితే, 'మరింకేం, బస్టాపు అక్కడే ఉంచండి' అనరా?"

మీసం మీది చెయ్యి కిందికి దిగింది. కట్టుబాటు గురించి సంఘంలో అందరికీ పాఠం చెప్పే మనిషికే ఆ మాట తోచలేదు. అసూయ కళ్ళకు అడ్డం పడితే కొండ కూడా కనబడదు.

"పోనీ, చెల్లితో చెప్పి..."

"వద్దు! బస్టాపు పోతే పోనీ. వాడి ముందు తల వంచను."

అన్నాడే గాని, ఆ తరవాత కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. పెట్టెలాయన కొట్టు దాకా వెళ్ళి, అద్దాల తలుపులో తన ముఖం తనకే కనబడి వెనక్కి వచ్చేశాడు.

కమిటీ కూర్చునే రోజు రానే వచ్చింది. పొడవాటి గది, పొడవాటి బల్ల. బల్ల వెనక మధ్యలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ, అటూ ఇటూ అధికారులు. గోడవారగా సంఘం వాళ్ళు కూర్చున్నారు. కట్టుబాటు ప్రకారం బొత్తాలాయన నోరు విప్పకూడదు. అక్కగారు ముందు లారీల ఉపాయం చెప్పింది. అధికారులు తలలూపారు. తరవాత పెట్టెలాయన లేచాడు.

"సూటిగా అడుగుతున్నాను" అంది కమిటీ పెద్దావిడ. "మీరు కూర్చున్న పూట ఆ కొట్టు ఖాళీగా ఉందా, నిండుగా ఉందా?"

బొత్తాలాయన కళ్ళు మూసుకున్నాడు. స్వామీ, మొన్నటి మొక్కు వెనక్కి తీసుకుంటున్నాను అనుకున్నాడు. ఘనత వాడికే ఇచ్చెయ్, కొట్టు నాకుంచు.

"మనుషులు వచ్చారండి" అన్నాడు పెట్టెలాయన. "ఖాళీగా ఉందంటే అబద్ధమవుతుంది. కానీ వాళ్ళంతా మలుపు అవతలి నుంచి నడిచి వచ్చినవాళ్ళే, వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చారు. బస్సు దిగి వచ్చింది ఒక్కరే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బొత్తాలాయన చొక్కా సర్దుకున్నాడు.

"ఆ ఒక్కరి సంగతి చెబుతాను. చూపు ఆనని ముసలమ్మ. సూదుల్లో దారం ఎక్కించుకోడానికి వచ్చింది. కొనడానికి కాదు. వంతెన అవతల నుంచి నడిచి వచ్చింది. పొద్దున నేను వచ్చేసరికి కూజా నిండా నీళ్ళున్నాయి. మధ్యాహ్నం దాకా దాని మూత ఎత్తింది ఆవిడ ఒక్కదాని కోసమే. బయట ఒక బల్ల ఉందండి. దాని మీద కూర్చుని చూశాను. మనుషులు కూర్చుని కూర్చుని చెక్క నున్నగా అరిగింది. ఆ నునుపు మీద ఇప్పుడు దుమ్ము. ఆ బస్టాపులో జనం ఆగడానికి గది మనం కట్టలేదు, ఆ బల్ల వేసి ఆయనే కట్టాడు. మనం గదిని అక్కడ వదిలేసి బస్సుని మార్చాం."

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆవిడ తిరిగి ఎలా వెళ్ళింది?"

"కొట్టు నాకు వదిలేసి, సైకిలు మీద ఈయనే దింపి వచ్చాడండి."

అందరూ గోడ వైపు తిరిగి బొత్తాలాయన్ని చూశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోనూ ఒక చిన్న మంట: బల్ల నున్నగా అరిగిన మాట ఇన్నేళ్ళలో తనకెందుకు తట్టలేదు? వీడికెలా తట్టింది?

కమిటీవాళ్ళు తమలో తాము మాట్లాడుకుని, బస్టాపు పాతచోటికే వస్తుందనీ, లారీలు మాత్రం కొట్లు తెరవకముందే రావాలనీ చెప్పారు. అక్కగారు, "నేను చెప్పలా?" అని అందరికీ చెప్పుకుంటూ మెట్లు దిగింది.

మెట్ల మీద తోడల్లుళ్ళిద్దరే వెనకబడ్డారు.

"అన్నయ్యా, ఆ నీలం బొత్తాల అట్ట ఇంకా ఉందా? ఈసారి నేను కొంటాను."

బొత్తాలాయనకి తేలు కుట్టినట్టయింది. "నీకు... తెలుసా?"

"మీరు సైకిలెక్కి వెళ్ళాక దర్జీ దాన్ని తెచ్చి నా చేతికే ఇచ్చాడు. 'లోపల పెట్టెయ్యండి, నేను మళ్ళీ చుట్టు తిరిగొస్తా' అన్నాడు."

"మరి వాళ్ళు మళ్ళీ మళ్ళీ ఎందుకొచ్చారని కమిటీలో అడిగుంటే?"

"చెప్పేవాణ్ణే. కట్టుబాటు కదా. అడక్కుండా చూడు స్వామీ అని పొద్దున్నే దణ్ణం పెట్టుకుని వచ్చాను."

బొత్తాలాయన నాలుగు మెట్లు దిగి ఆగాడు. "నువ్వు చూస్తే నవ్వుతావని అలా చేశాను తమ్ముడూ. బుద్ధి గడ్డి తింది."

"నేనా నవ్వేది? మా ఆవిడ పొద్దస్తమానం మీ మాటే. 'బావగారి కొట్టు ముందు బల్లుంది, నీళ్ళున్నాయి. మన కొట్టు ముందు ఏముంది, అద్దం తప్ప?' అంటుంది. మీ పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. ఆ బల్ల ఎంత గొప్పదో చూద్దామనే ముందు దాని మీద కూర్చున్నాను."

నిజం చెప్పాలంటే, బస్టాపు తిరిగి వస్తోందన్నప్పుడు కూడా బొత్తాలాయనకి అంత సంతోషం కలగలేదు. తన మీద కూడా అసూయపడేవాడున్నాడు! అదీ ఈ అద్దాల తలుపుల మనిషి! ఆయన తోడల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ భుజం ఎత్తుగా ఉండడంతో కాస్త మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది.

బస్సులు మళ్ళీ మలుపులో ఆగడం మొదలైంది. ముసలావిడ సూదులన్నీ అయిపోయి మళ్ళీ వచ్చింది. పెట్టెలాయన కొట్టు ముందు కూడా ఒక బల్ల వెలిసింది. అది తన బల్ల కంటే కాస్త పొడవని బొత్తాలాయన ఒకసారి మూరతో కొలిచి చూసుకున్నాడు గాని ఎవరితోనూ అనలేదు.

ఆ తరవాత అల్లుళ్ళిద్దరూ అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నారు. అత్తగారు అలవాటు చొప్పున పంకాని చిన్నల్లుడి వైపు తిప్పింది. బొత్తాలాయన లేచి, పంకా వెనకనున్న చిన్న మీట నొక్కాడు. పంకా తల మెల్లగా ఇటు తిరిగింది, మళ్ళీ అటు తిరిగింది.

"ఇలా కూడా తిరుగుతుందా ఇది!" అని ఆవిడ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాయనా?"

చల్లటి గాలి ముఖాన్ని తాకింది. ఆయన దేవుణ్ణి తలుచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇద్దరికీ సమానంగానే వస్తోంది గాలి. అయినా అటు తిరిగినప్పుడు ఒక్క క్షణం ఎక్కువ ఆగుతోందేమోనని, భోజనం ముగిసేదాకా ఓరకంట చూస్తూనే ఉన్నాడు.